షహజాదా గుర్రమెక్కి ఉంటే

ఫ్రాన్స్ యువరాజు చనిపోయిన సంగతి మా నాయనకు చెప్పడం నేను చేసిన పెద్ద తప్పు. నోరు మూసుకుని ఉంటే ఆ మనిషి ఆఫ్రికాలో చచ్చినవాడు చచ్చినట్టే ఉండేవాడు. మా దుకాణంలో మళ్లీ బతికి, ఇంగ్లీషు రాణి కూతుర్ని చేసుకుని, పారిస్‌లో గద్దెనెక్కి, ఏళ్ల తరబడి నా ప్రాణం తీసేవాడు కాదు.

మాది గుర్రపు జీన్లు కుట్టే ఇల్లు. రాయచూరులో తీన్ కందిల్‌కు దగ్గర్లో ఒక సందు, ఆ సందులో ముందర దుకాణం, వెనక ఇల్లు. మా తాత నిజాం కాలంలో పోలీసు గుర్రాలకు జీన్లు కుట్టాడు. నాయన చేతికి వచ్చేసరికి టాంగా గుర్రాల తోలు పట్టాలు, లగాములు మిగిలాయి. పత్తి మిల్లుల్లో తోలు బెల్టు తెగితే అతికి కుట్టే పని కూడా ఉండేది. తర్వాత అటు కృష్ణ ఒడ్డున థర్మల్ పొగగొట్టాలు లేచాయి, ఇటు ఊళ్లోకి ఆటోలు వచ్చాయి. టాంగాలు ఒక్కొక్కటే మూలపడ్డాయి. కరెంటు మా జిల్లాలోనే పుట్టేది, మా సందులో మాత్రం సాయంత్రమైతే కనిపించేది కాదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అమ్మ మా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో నాయన, నేను, నాకంటే మూడేళ్లు చిన్నవాడు తమ్ముడు. నేను చరిత్రలో ఎం.ఏ. చేసి కల్లూరు హైస్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని. పొద్దున బస్సెక్కి పోయి కన్నడంలో చరిత్ర చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి తెలుగులో పోట్లాడుతూ తోలు కుట్టేదాన్ని. నాయన కళ్లకు పొరలు వచ్చినప్పటి నుంచీ దుకాణంలో కుట్టుపని అంతా నాదే. తమ్ముడికి థర్మల్‌లో ఉద్యోగం దొరికింది. బొగ్గు మోసుకుపోయే రబ్బరు బెల్టుల దగ్గర పని. వాడు శక్తినగర్ క్వార్టర్‌లో ఉండేవాడు, తీరికైనప్పుడు వచ్చేవాడు. ఇక నా పెళ్లి సంగతి అడక్కండి, ఈ కథలో దానికి చోటు లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం లైబ్రరీ నుంచి తెచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదువుకుంటూ ఉన్నాను. నాయన ఎదురుగా కూర్చుని దారానికి మైనం పట్టిస్తున్నాడు. ఉర్దూలో నాలుగో తరగతి చదివినవాడు కాబట్టి రాజుల కథలంటే చెవి కోసుకునేవాడు. నేను చదివింది చదివినట్టు చెప్పాను. ఫ్రాన్స్ చక్రవర్తి ఒకాయన జర్మనీ వాళ్లతో యుద్ధంలో ఓడి, గద్దె పోగొట్టుకుని, ఇంగ్లండులో తలదాచుకుని అక్కడే పోయాడు. ఆయనకు ఒక్కడే కొడుకు. ఆ కొడుకు ఇంగ్లీషు సైన్యంతో దక్షిణాఫ్రికా వెళ్లాడు. ఒకరోజు కొద్దిమందితో కలిసి ఒక ఊరి పక్కన గుర్రాలు దిగి కూర్చుంటే, చుట్టూ ఉన్న మక్కజొన్న చేలలోంచి జులూ యోధులు ఈటెలతో లేచారు. అందరూ గుర్రాలెక్కి పారిపోయారు. యువరాజు గుర్రం బెదిరి పరుగు పెట్టింది. అతను జీనుకున్న పట్టా పట్టుకుని, గుర్రంతోపాటు పరుగెత్తి ఎక్కబోయాడు. పట్టా తెగింది. అతను కిందపడ్డాడు. ఇరవై మూడేళ్ల వయసు. ఆ వంశం మళ్లీ గద్దె ఎక్కలేదు.

నాయన చేతిలో దారం ఆగిపోయింది.

"పట్టా ఎవరు కుట్టిండ్రు?"

"పుస్తకంల లేదు నాయినా."

"రాజు ముచ్చట ఉన్నది, గుర్రం ముచ్చట ఉన్నది, పట్టా కుట్టినోని పేరు లేదా? గిదేం చరిత్ర బిడ్డా!"

నిజం చెప్పాలంటే నాకు ఆ ప్రశ్న నచ్చింది. ఎం.ఏ.లో మా ప్రొఫెసర్లెవరూ అలాంటి ప్రశ్న వేయలేదు. ఆ ఉత్సాహంలో ఇంకొక మాట కూడా చెప్పాను. ఆ జీను యువరాజుది కాదట, వాళ్ల నాయనదట, తండ్రి మీది ప్రేమతో దాన్నే వాడేవాడట అని.

"అగో! పాత తోలు. కుట్టినోడు ఎప్పుడో సచ్చిపోయి ఉంటడు. నూనె ఎవరు పెట్టిండ్రు? కుట్టు ఎవరు జూసిండ్రు? ఖాందాన్‌కు జీన్‌గాడు లేకపోతె గిట్లనే అయితది." నాయన దారం మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "మా నాయిన కుట్టిన పట్టా అయితె తెగకపోవు. షహజాదా గుర్రమెక్కుతుండె."

అంతే. ఆ రోజు సాయంత్రానికే నాయన కథలో షహజాదా గుర్రమెక్కాడు. మర్నాటికి ఇంగ్లండు చేరాడు. వారం తిరిగేలోపు ఓడలో ఫ్రాన్స్ రేవుకు వచ్చేశాడు. అక్కడ జనం పూలదండలతో నిలబడి ఉన్నారు.

నాయన చెప్పే చరిత్రలో షహజాదా గద్దెనెక్కగానే చేసే మొదటి పని పట్టా కుట్టినవాణ్ని పిలిపించడం. నిండు దర్బారులో శాలువా కప్పి జాగీరు ఇవ్వడం. నేను ఊరుకోలేకపోయేదాన్ని. అప్పటికి ఫ్రాన్స్‌లో ప్రజల ప్రభుత్వం వేళ్లూనుకుంది, రాజు కావాలనేవాళ్లు మూడు ముక్కలై కొట్టుకుంటున్నారు, రేవులో దిగిన వాణ్ని దిగినట్టే జైల్లో పెడతారు అని చెప్పేదాన్ని.

"గిట్ల అడ్డం పడకు బిడ్డా. నువ్వు అయినయి జెప్తవ్. నేను కావల్సినయి జెప్తున్న."

నాకు పంతం పట్టింది. నాయనకు చేతకాని పని నేను సరిగ్గా చేసి చూపిస్తాను అని ఒక పెద్ద నోట్‌బుక్ కొన్నాను. షహజాదా గుర్రమెక్కి ఉంటే నిజంగా ఏం జరిగేదో, ఏ నెలలో ఎవరితో మాట్లాడాలో, సైన్యంలో ఏ అధికారులు కలిసివస్తారో, మూడు ముక్కలను ఎలా కలపాలో పద్ధతి ప్రకారం రాయడం మొదలుపెట్టాను. నేను తోలు కుడుతూ చదివి వినిపిస్తే నాయన దిద్దేవాడు. టాంగావాళ్లు పట్టాల కోసం వచ్చి ఫ్రాన్స్ రాజకీయాలు విని పోయేవాళ్లు. ఒకాయన అయితే వచ్చినప్పుడల్లా "షహజాదా ఎంత దాకా వచ్చిండు ఉస్తాద్?" అని అడిగేవాడు.

అక్కడే నేను ఇంకో తప్పు చేశాను. వంశం నిలబడాలంటే ఏం కావాలి అన్న అధ్యాయంలో, ఆ ఇంట్లో గద్దె మగబిడ్డకే చెందుతుందని, ఆడపిల్లకు గానీ ఆడపిల్ల కడుపున పుట్టినవాళ్లకు గానీ హక్కు లేదని రాసి, గట్టిగా చదివాను. చరిత్రలో ఉన్నది ఉన్నట్టు రాయాలన్న గీర నాకు. నాయన తల పంకించి "మంచి చట్టం" అన్నాడు.

నాయనకు ఆ చట్టం ఎందుకంత నచ్చిందో తెలియాలంటే మా పని సంగతి కొంచెం చెప్పాలి. గుర్రం పట్టాకు రెండు పొరల తోలు పెట్టి, ఆరెతో వరసగా బెజ్జాలు పొడిచి, మైనం దారంతో కుడతారు. దారం కొస పైకి కనిపిస్తే గుర్రం చెమటకు, రాపిడికి అరిగి కుట్టంతా ఊడుతుంది. అందుకని చివరి మూడు బెజ్జాల్లో దారాన్ని ముడివేసి పొరల మధ్య దాస్తారు. బరువంతా అక్కడే పడుతుంది. ఆ ముడి ఒక్కో ఇంటికి ఒక్కో రకం. మా ఇంట్లో తండ్రి కొడుక్కే చూపిస్తాడు. మా నాయన మా తమ్ముడికి చూపించాడు, నన్ను నీళ్లు తెమ్మని లోపలికి పంపి మరీ.

కాబట్టి దుకాణంలో జరిగేదేమిటంటే, తోలు కోసేది నేను, బెజ్జాలు పొడిచేది నేను, కుట్టేది నేను. చివరి మూడు బెజ్జాలు వదిలేసి నాయన చేతికి ఇచ్చేదాన్ని. ఆయన కళ్లు కనిపించకపోయినా వేళ్లతో తడుముకుని, నాకు వీపు చూపించి, ఆ మూడూ మూసేవాడు. ఆ మూడు బెజ్జాలతో అది ఆయన పని అయిపోయేది. "ఉస్తాద్ చెయ్యి ఇంకా తగ్గలె" అని టాంగావాళ్లు మెచ్చుకుంటే ఆయన నవ్వి ఊరుకునేవాడు. నేను పక్కనే కూర్చుని సూదులు ఏరుకునేదాన్ని. 

నాక్కావాల్సింది జాగీరూ కాదు, శాలువా కాదు. ఈ దుకాణం తర్వాత నా బిడ్డది అని ఆయన నోటితో ఒక్కసారి అనడం. ఆ చివరి మూడు బెజ్జాలు నన్ను మూయనివ్వడం. తమ్ముడికి దుకాణం మీద ఆశ లేనేలేదు. "నువ్వే తీస్కో అక్కా, నాకెందుకు. మా బెల్టు ఈ గల్లీ అంత పొడుగుంటది. తెగితె మిషిన్ తోటి అతికిస్తం. ఆరెతోని నేనేం జెయ్యాలె?" అనేవాడు. వాడిమీద నాకు కోపం ఎలా వస్తుంది? అడ్డమల్లా నాయనే.

ఏటా దసరాకు ఆయుధ పూజ రోజున మా ఇంట్లో ఒక కొత్త పట్టా కోసి, కుట్టి, పనిముట్ల ముందు పెడతాం. చివరి మూడు బెజ్జాలు ఖాళీగా ఉంచుతాం. పూజ అయ్యాక కొడుకు కూర్చుని వాటిని మూయాలి. తాత ముందు నాయన అలాగే మూశాడట. అలా మూసిన కొడుకుదే దుకాణం. తమ్ముడు థర్మల్‌లో చేరిన మొదటి ఏడు దసరాకు డ్యూటీ పడింది, రాలేదు. నాయన ఆ పట్టాను ఖాళీలతోనే దేవుడి పటం వెనక మేకుకు వేలాడేశాడు. రెండో ఏడూ డ్యూటీయే. మూడో ఏడు వాడు వచ్చాడు గానీ మధ్యాహ్నం షిఫ్టు ఉందని పూజ కాకముందే వెళ్లిపోయాడు. అలా మేకుకు ఒకటి, రెండు, మూడు, నాలుగు పట్టాలు చేరాయి. అన్నీ నేను కుట్టినవే. ఒక్కొక్కదానికి మూడేసి బెజ్జాలు నోళ్లు తెరుచుకుని ఉండేవి.

నాలుగో దసరా రోజు నేను అడిగేశాను.

"నాయినా, వాడు రాడు. నేను మూస్త. ఇయ్యి."

"నువ్వే రాసినవ్ గద బిడ్డా, ఆడపిల్లకు హక్కు లేదని."

"అది ఫ్రాన్స్ చట్టం!"

"ఏడదైతె ఏంది? ఖాందాన్ ఖాందానే." ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగా బాధపడుతూనే అన్నాడు. అది నాకు ఇంకా మంట పుట్టించింది. వెటకారం చేస్తే తిరిగి తిట్టొచ్చు, బాధపడేవాణ్ని ఏమనాలి?

"షహజాదా ఎందుకు సచ్చిండో తెలుసా?" అన్నాను. "కొత్త జీను కొనుక్కోకుండ నాయిన జీను పట్టుకొని ఏలాడిండు. అందుకు సచ్చిండు."

నాయన ఆ పూట అన్నం తినలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు మళ్లీ షహజాదా సంగతే ఎత్తాడు. అతనికి కొడుకు పుట్టాడట, పారిస్‌లో ఫిరంగులు మోగాయట. నేను నోట్‌బుక్ తీయలేదు.

ఆ వెంటనే కార్తీకంలో వచ్చిన పెళ్లిళ్ల కాలంలో ఊళ్లో కంటి శిబిరం పెట్టారు. ఆదివారం నాయనను చూపించడానికి తీసుకెళ్లాను. ఆ పూట దుకాణంలో కూర్చోమని తమ్ముణ్ని పిలిపించాను. నాయన ముఖం వెలిగిపోయింది. కొడుకు దుకాణంలో కూర్చుంటున్నాడని దారి పొడవునా కనిపించినవాళ్లకు చెప్పుకున్నాడు. శిబిరంలో వరసలో కూర్చుని పక్కవాళ్లకూ చెప్పాడు. నాలుగు గంటల సేపు నేను ఆయన చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. నా సంగతి ఎవరికీ చెప్పలేదు.

మేము లేనప్పుడు బరాత్ గుర్రాల ఆయన దుకాణానికి వచ్చాడు. పెళ్లికొడుకులను ఊరేగించే తెల్ల గుర్రాలు రెండు ఉన్నాయి ఆయనకు. రికాబు పట్టా తెగింది, సాయంత్రం బరాత్ ఉంది, వెంటనే కావాలి అన్నాడు. తమ్ముడు అటూ ఇటూ వెతికాడు. తయారైన పట్టా ఒక్కటీ లేదు. దేవుడి పటం వెనక మాత్రం నాలుగు వేలాడుతున్నాయి, కొత్త తోలు, వరసైన కుట్టు. ఒకటి తీసి ఇచ్చేశాడు.

వాడికి ఆ మూడు బెజ్జాలు గుర్తులేవు. తాను మూయాల్సినవి తనకే గుర్తులేవు.

మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి గుర్రాల ఆయన మా అరుగు మీద నిలబడి అరుస్తున్నాడు. చేతిలో తెగిన పట్టా. సందు సందంతా గుమిగూడింది.

"ఉస్తాద్, నీ చేతి పట్టా అని కండ్లు మూసుకొని కట్టిన! దుల్హా రికాబుల కాలు పెట్టి లేచిండు, పట్టా ఊడింది, మురికి నాలీల పడ్డడు! పగిడీ పోయింది, మణికట్టు వాచింది, ఆడపెండ్లోళ్లు అందరు జూసి నవ్విండ్రు! మేరీ ఇజ్జత్ గయీ ఉస్తాద్! ఇప్పుడు నా గుర్రం ఎవడెక్కుతడు?"

నాయన ఆ పట్టా చేతిలోకి తీసుకుని కొస దాకా తడిమాడు. ఊడిన దారం, తెరుచుకున్న మూడు బెజ్జాలు ఆయన వేళ్లకు తగిలాయి. అది ఎక్కడి పట్టానో, ఎవరు ఇచ్చారో ఆయనకు అర్థమైపోయిందని ముఖం చూస్తే తెలిసింది. నాకూ అర్థమైంది. ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. నా కొడుకు తెలియక ఇచ్చాడు, అది పూజ పట్టా, అమ్మేది కాదు అంటాడు అనుకున్నాను.

"నా చెయ్యే తప్పింది భాయ్," అన్నాడు నాయన. "కండ్లు కనిపిస్తలేవు. నాదే గల్తీ. మాఫ్ జెయ్యి."

యాభై ఏళ్ల పేరు. తాతది కూడా కలిపితే ఇంకా ఎక్కువ. పని చేతకాని కొడుకును కాపాడటానికి సందులో అందరి ముందూ దాన్ని తీసి నాలీలో పడేశాడు. ఆ పేరును కళ్లు లేని ఆయన చేతుల్లో ఇన్నేళ్లు నిలబెట్టింది నా కుట్టు. ఆ మాట ఒక్క మనిషికీ తెలియదు. ఇప్పుడు ఆ కుట్టే తప్పు అయింది. గుర్రాల ఆయన వెళ్లాక నేను అరిచాను. ఏమేం అన్నానో అన్నీ గుర్తులేవు. "నా కుట్టు ఊడలె, నీ కొడుకు ముడి ఊడింది, ఆ ముడి లేనేలేదు" అన్నది మాత్రం గుర్తుంది. నాయన తల వంచుకుని కూర్చున్నాడు.

"కొడుకు బిడ్డా. వానికి పేరు పోతె మల్ల రాదు. నాకేంది, ముసలోన్ని."

మర్నాడు బడికి సెలవు పెట్టాను. నాయన మసీదు పక్క టీ దుకాణానికి వెళ్లిన పూట, మేకు మీద మిగిలిన మూడు పట్టాలూ దించాను. ఒక్కొక్కదానికి మూడేసి బెజ్జాలు, మొత్తం తొమ్మిది. కూర్చుని మూసేశాను. ఆయన ముడి నాకు తెలియదు. ఎక్కడుంటుందో వేలికి తగిలేది, బకిల్ కింద నువ్వుగింజంత బొడిపె, కానీ లోపల ఎలా వేస్తాడో ఎన్నడూ చూడలేదు. కాబట్టి నా ముడి వేశాను. దాన్ని నేనే కనిపెట్టాను, నా బడి సంచి పట్టా మీద, చెప్పుల మీద ఏళ్ల తరబడి కుట్టి, విప్పి, కుట్టి. దాని బొడిపె కూడా వేలికి తగలదు. ఎలాగో ఇక్కడ కూడా రాయను.

నాయన వచ్చి, పటం వెనక చెయ్యి పెట్టాడు. ఒక పట్టా తీసి కొస తడిమాడు. రెండోది. మూడోది. చాప మీద కూర్చుని ఆరె తీసుకున్నాడు. నా కుట్టు విప్పుతున్నాడు!

నేను గడపలో నిలబడి చూశాను. ఆపలేదు.  ఆయన వేళ్లతో ముడి వెతుకుతున్నాడు. ముడి దొరికితేగానీ విప్పడానికి లేదు. పైన తడిమాడు, అడుగున తడిమాడు, అంచు వెంబడి గోటితో గీశాడు. పట్టాను వంచి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు కూడా. ఒకటి పక్కన పెట్టి రెండోది తీశాడు. అలా గంటసేపు. చివరికి ఆరె కింద పెట్టేశాడు.

"ముడి ఏడ దాచినవ్?"

పుట్టి బుద్ధెరిగాక ఆయన నన్ను పని గురించి అడగడం అదే మొదటిసారి. నీళ్లు తెచ్చినవా, దారం ఉన్నదా అని కాదు. పనివాడు పనివాణ్ని అడిగినట్టు అడిగాడు. చెప్పేసి ఉంటే బాగుండేదేమో. కానీ నా కడుపులో అప్పటికి మంట తప్ప ఏమీ లేదు.

"చెప్పను. నాకు చెప్పినవా నువ్వు?"

ఆయన లేచాడు. మూడు పట్టాలూ మళ్లీ మేకుకు వేలాడేశాడు.

చలికాలంలో కళ్లకు ఆపరేషన్ అయింది. సోడాబుడ్డి అద్దాలు వచ్చాయి. చూపు వచ్చాక నాయన మళ్లీ కుట్టడం మొదలుపెట్టాడు. షహజాదా కథ మాత్రం తగ్గింది. ఎవరైనా అడిగితే "ఉన్నడు, ఏలుతున్నడు" అని ఊరుకునేవాడు. నేను కోపం తగ్గాక నోట్‌బుక్ తీసి, అతనికి ఒక కూతురు పుట్టినట్టు రాద్దామని కూర్చున్నాను. యుద్ధాన్ని మార్చగలిగాను, ఈటెలను తప్పించగలిగాను, మూడు ముక్కలైన వాళ్లను ఒక్కటి చేశాను, కానీ ఆ చట్టం దగ్గర కలం ఆగిపోయింది. ఎవరు మారుస్తారు? ఎందుకు మారుస్తారు? మార్చాలంటే గద్దె మీద ఉన్నవాడికి ఆ బుద్ధి పుట్టాలి. అబద్ధం రాయడం నాకు చేతకాలేదు. పుస్తకం అక్కడే ఆగింది, ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ తర్వాత వచ్చిన దసరాకు తమ్ముడికి సెలవు దొరికింది. అన్నేళ్లలో మొదటిసారి. మిఠాయి పట్టుకుని పొద్దున్నే వచ్చాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఇక అయిపోయింది, వాడు కూర్చుని మూడు బెజ్జాలు మూస్తాడు, దుకాణానికి తాళం వేసి శక్తినగర్ వెళ్లిపోతాడు అనుకున్నాను. ఆ ఏడు పట్టా నన్ను కుట్టమని కూడా నాయన అడగలేదు, తానే కుట్టాడు. పనిముట్లకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాం. తమ్ముడు చేతులు తుడుచుకుని చాప మీద కూర్చున్నాడు.

నాయన పట్టా తీసి వాడికి ఇవ్వలేదు. నా ఒళ్లో పెట్టాడు.

ఖాళీ బెజ్జాలు లేవు. కొస దాకా కుట్టేసి ఉంది. ఒక్క క్షణం నాకు ఒళ్లంతా మండిపోయింది. కొడుకు పనికిరాకపోయినా సరే, నాకు ఇవ్వడం ఇష్టంలేక తానే మూసుకున్నాడు అనుకున్నాను. అలవాటుగా బకిల్ కింద వేలు పెట్టి ఆయన ముడి కోసం తడిమాను. బొడిపె లేదు. ఇంకాస్త పైకి తడిమాను. నేను నా ముడి దాచే చోట, పొరల మధ్య, దారం కొస కొంచెం వదులుగా వేలికి తగిలింది.

ఆయన ఏడాదంతా వెతికాడన్నమాట. నేను బడికి పోయినప్పుడు, మేకు మీది పట్టాలు దించి, ఆ అద్దాలతో, ఎవరినీ అడగకుండా. చోటు పట్టుకున్నాడు. ముడి మాత్రం సరిగ్గా పడలేదు.

"సక్కగ పడ్డదా?" అన్నాడు నాయన. తమ్ముడివైపు చూడలేదు.

"లేదు. బరువు పడితె ఊడ్తది."

ఆరె తీసుకుని ఆయన కుట్టు మూడు బెజ్జాల దాకా విప్పాను. ఎప్పుడూ ఆయన చేసినట్టు వీపు తిప్పబోయాను. తిప్పకుండా, ఆయనకు కనిపించేలా పట్టుకుని, మెల్లగా మళ్లీ వేశాను. నాయన అద్దాలు పైకి జరుపుకుని, ముందుకు వంగి చూశాడు.